మెత్తని బ్రెడ్డు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. బస్టాపు ఎదురుగా మూడు మెట్లు దిగి వెళ్ళే చిన్న కొట్టు ఆమెది. కొత్త బట్టలు కుట్టదు. పొడుగు ప్యాంట్లు కురచ చేస్తుంది, పాడైన జిప్పులు మారుస్తుంది, లావైనవాళ్ళకు కుట్టు విప్పి వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకు బిగించి ఇస్తుంది. "ఈ ఊళ్ళో మనుషులు తింటున్నంతకాలం నాకు పనికి లోటు లేదు," అనేది. అలా ఊరందరి నడుములూ కొలుస్తుండగానే ఆమె నడుము సన్నబడిపోయింది. తన స్కర్టులే తాను మళ్ళీమళ్ళీ బిగించుకుంటుంటే మొదట్లో చుట్టుపక్కలవాళ్ళు అదృష్టవంతురాలివన్నారు. తర్వాత ఆ మాట మానేసి, మొహం వంక చూసి ఊరుకున్నారు.

ఏం తిన్నా కడుపు డప్పులా ఉబ్బేది. నోట్లో పుళ్ళు. మెట్లెక్కితే ఆయాసం. ఒక డాక్టరు గ్యాసన్నాడు, ఇంకొకాయన నరాల బలహీనత అన్నాడు, మూడో ఆయన పైనుంచి కిందికి ఒకసారి చూసి "ఆలోచనలు తగ్గించుకో అమ్మా" అని పంపేశాడు. నాలుగో చోట ఒక డాక్టరమ్మ దొరికింది. రక్తం పరీక్ష చేయించి, గొట్టం వేసి పేగు చూసి, తేల్చి చెప్పింది.

"మీకు గోధుమ పడదు. గోధుమ పిండి సాగేలా చేసే జిగురు ఒకటుంటుంది, గ్లూటెన్ అంటారు. అది లోపలికి వెళ్ళినప్పుడల్లా మీ ఒళ్ళే మీ పేగును కొరుక్కు తింటుంది. దీనికి మందు లేదు, మానెయ్యడమే మందు. రవ్వంత కూడా తగలకూడదు. బతికున్నంతకాలం."

పక్కనే ఉన్న మొగుడు "ఓస్, ఇంతేనా! ఏ ఆపరేషనో అంటారని గుండె అరచేతిలో పెట్టుకు కూర్చున్నా," అన్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎత్తైన ఇళ్ళన్నీ ఎక్కి దిగి, సాయంత్రానికి చేతులకు గ్రీజుతో, నోటినిండా కబుర్లతో ఇంటికొచ్చే మనిషి. నవ్వకుండా నాలుగు నిమిషాలు ఉండలేడు. టైలరమ్మ ఆయన్ని చేసుకున్నది ఆ నవ్వు చూసే.

ఇంతేనా అన్నంత తేలిక కాదని తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఆ ఊళ్ళో పొద్దున లేస్తే బ్రెడ్డే. మధ్యాహ్నం కొట్టులో ఒంటి చేత్తో తినాలన్నా బ్రెడ్డే. బయట దొరికే గోధుమ లేని బ్రెడ్డు రంపపు పొట్టు ముద్దలా ఉండేది. మొగుడూ కూతురూ పొద్దున్నే వెన్న రాసుకుని కరకరలాడిస్తుంటే, టైలరమ్మ ఉడికిన బంగాళాదుంప ముందేసుకుని కూర్చునేది. కడుపు నిండేది. ఇంట్లో మనిషిలా కూర్చున్నట్టు మాత్రం ఉండేది కాదు.

అందుకని తానే మొదలుపెట్టింది. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, బంగాళాదుంప పిండి కలిపి జల్లించి నీలం మూత డబ్బాలో పోసుకుంది. గోధుమ దుమ్ము తగలకుండా దాన్ని వంటింట్లో పై అరలో పెట్టింది. పిండి కలిపేటప్పుడు గుడ్లు, ఈస్టు, కాస్త ఇసబ్గోల్ పొట్టు వేసేది. కత్తి వేరు, పలక వేరు, బ్రెడ్డు మూస వేరు. ఇంట్లోకి మైదా రావడం ఆపేసింది. మొగుడికీ కూతురికీ బేకరీ నుంచి బ్రెడ్డు వచ్చేది, అదీ బల్లకు ఆ చివర.

మొదటి బ్రెడ్డు ఇటుకలా వచ్చింది. రెండోది పైన మాడి లోపల జావలా ఉంది. మూడోది చూడ్డానికి బాగుంది గానీ కత్తి పెడితే ఇసుక గూడులా రాలిపోయింది. మొగుడు ఒక ముక్క చేత్తో తూచి, "దీన్ని నాకివ్వు, కొత్త బిల్డింగులో లిఫ్టుకు ఎదురు కట్టే బరువు, ఆ కౌంటర్ వెయిట్, తక్కువైంది," అన్నాడు. కూతురు పొట్ట పట్టుకు నవ్వింది. టైలరమ్మ కూడా నవ్వింది. ఆ జోకు ఆయన తోటి మెకానిక్కుల దగ్గరా చెప్పాడని, వాళ్ళు ఆమె ఎదురైతే "కౌంటర్ వెయిట్ ఎలా ఉందమ్మా?" అని అడుగుతున్నారని తెలిసిన రోజు నవ్వలేదు.

ఆమెను కొరికింది జోకు ఒక్కటే కాదు. ఆయన తన బేకరీ బ్రెడ్డును ఆమె కత్తితో కోసేవాడు. అదేమంటే "తుడిచాగా!" అనేవాడు. గోధుమ బిస్కట్టు తిన్న చేత్తోనే ఆమె వెన్న డబ్బా తెరిచేవాడు. "ఒక్క రేణువుకే చస్తావా?" అనేవాడు. ఆ మాట ప్రేమగానే అనేవాడు, అదే ఆమెకు అర్థమయ్యేది కాదు. ఈ జబ్బే కూతురికి వచ్చుంటే ఇల్లంతా కడిగి ఆరబెట్టేవాడు. తల్లికి వచ్చింది గనక దాని పేరు చాదస్తం అయింది. ఈ సంగతి ఆమె ఒక్క పోస్టమ్మతోనే చెప్పుకునేది.

పోస్టమ్మ అంటే ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే ఆవిడ. ఆమెకూ ఇదే జబ్బు, చాలా ఏళ్ళది. సంచీ దించి కొట్టులో కాసేపు కూర్చుని టైలరమ్మకు కిటుకులు చెప్పేది. "గోధుమలో ఆ సాగే జిగురే పిండిని పట్టి ఉంచేది. మన పిండికి ఆ పట్టు లేదు, అందుకే రాలిపోతుంది. ఓపిక పట్టు," అనేది. టైలరమ్మ ఓపిక పట్టింది. బ్రెడ్డు కాస్త గట్టిగా, కాస్త పొడిగా ఉన్నా ముక్కగా నిలబడేదాకా వచ్చింది. ఏడాది తిరిగేసరికి మొహంలోకి రంగొచ్చింది. బిగించుకున్న స్కర్టులన్నీ ఒకటొకటిగా కుట్లు విప్పి వదులు చేసుకుంది. ఆ విప్పిన దారాలు చూస్తే ఆమెకు ఎంత సంతోషమో!

అప్పుడు వదిన వచ్చింది.

వదిన అంటే మొగుడి అక్క. మోకాలికి ఆపరేషనైతే, కుదుటపడేదాకా చూసుకోవడానికి ఎవరూ లేరని తమ్ముడింటికి వచ్చింది. జీవితమంతా ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసింది. వంకాయ తిననన్న పిల్ల చేత వంకాయ, పాలు తాగనన్న పిల్ల చేత పాలు మింగించిన మనిషి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. వచ్చిన రెండో రోజే నీలం మూత డబ్బా సంగతి విని పెదవి విరిచింది.

"నా చేతిమీద ఎన్ని వందల మంది పిల్లలు పెరిగారు, అమ్మాయ్! పడదూ పడదూ అన్న ప్రతి ఒక్కత్తికీ పడింది. తెలియకుండా కలిపి పెడితే గుటకాయ స్వాహా చేసేవాళ్ళు. నోటికి కాదు, మనసుకి పడకపోవడం."

"పేగు ఫొటో ఉంది వదినా, చూపించమంటారా?"

"ఫొటోలదేముంది, ఎవరిది తీసినా ఏదో ఒక మచ్చ ఉంటుంది."

టైలరమ్మ ఆవిడకు పొద్దున్నే వేణ్నీళ్ళు కాచి, కాలికి కట్టు మార్చి, పట్టుకుని బాత్రూముకు నడిపించి, అప్పుడు కొట్టుకు వెళ్ళేది. కొన్నాళ్ళకు వదిన కర్ర పట్టుకుని వంటింటిదాకా నడవసాగింది. "ఊరికే కూర్చోలేను, గిన్నెలైనా కడగనీ," అంటే టైలరమ్మ మురిసిపోయింది. సింకు ముందు స్టూలు వేసి ఇచ్చింది.

ఆ రోజుల్లోనే బ్రెడ్డు మెత్తబడసాగింది.

ముందు టైలరమ్మ నమ్మలేదు. మూసలో పిండి అంచుదాకా పొంగింది. కోస్తే రాలలేదు. ఇంకో గుడ్డు ఎక్కువ వేసినందుకేమో, నీళ్ళు గోరువెచ్చగా పోసినందుకేమో అనుకుంది. ఆ తర్వాతిది ఇంకా బాగా వచ్చింది. గోపురంలా పైకి లేచి, వేలితో నొక్కితే దిగి మళ్ళీ పైకొచ్చింది. కూతురు బేకరీ బ్రెడ్డు పక్కకు నెట్టి అమ్మ బ్రెడ్డే తిన్నది. "అమ్మా, ఇది నిజంగా నువ్వు చేసిందేనా?" అని రెండో ముక్క తీసుకుంది. మొగుడు జోకు వెయ్యలేదు. తలొంచుకుని తిని, "బాగుంది," అన్నాడు. వదిన బల్ల చివర కూర్చుని అందరినీ చూస్తూ, "చేతికి అలవాటు పడాలి అంతే. అన్నీ అలవాటే," అంది.

టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళ ఇటుకలూ, మాడిన మూసలూ, పారబోసిన పిండీ అన్నీ ఫలించాయనుకుంది. సగం బ్రెడ్డు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి పోస్టమ్మకు ఇచ్చింది. పోస్టమ్మ అక్కడే తుంచి నోట్లో వేసుకుని, "ఎన్నేళ్ళయిందమ్మా ఇలాంటిది తిని!" అని ఆమె చేతులు పట్టుకుంది. ఆ తర్వాత కొన్ని రోజులు ఆ వీధికి ఉత్తరాలు వేరే మనిషి తెచ్చాడు. తిరిగొచ్చిన పోస్టమ్మ చిక్కిపోయి ఉంది. "ఎక్కడో కాలు జారాను. హోటల్లో సూపు తాగాను, అందులో ఏదో కలిసుంటుంది," అంది.

టైలరమ్మ ఒళ్ళు కూడా మళ్ళీ మొరాయించడం మొదలుపెట్టింది. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండేది. నాలుక కింద పుళ్ళు లేచాయి. కొట్టులో కుడుతూ కుడుతూ లేచి వెనకున్న సింకు దగ్గర వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మిషను తొక్కేది. ఇంట్లో చెప్పలేదు. చెబితే వదిన నవ్వుతుందని, మొగుడు విసుక్కుంటాడని భయం. చివరికి ఓపలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. రక్తం పరీక్ష మళ్ళీ మొదటికొచ్చింది.

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టి, "మీరు గోధుమ తింటున్నారు," అంది.

"లేదండీ. ఒట్టు."

"ఇది పొరపాటున తగిలిన రేణువులతో వచ్చేది కాదు. ఒక్కోసారి నోరు కట్టుకోవడం కష్టమే, నాకు తెలుసు. కానీ నా దగ్గర అబద్ధం చెబితే నష్టం మీకే."

టైలరమ్మకు మొహం మాడిపోయింది. దొంగతనం చెయ్యకుండా దొంగ అనిపించుకుని ఇంటికొచ్చింది. మొగుడికి చెబితే ఆయన మొహం ఒక్కసారి పాలిపోయింది. తనమీద ఎంత బెంగో అనుకుంది. మరుక్షణం ఆయన కూతురి మీద విరుచుకుపడ్డాడు. "అమ్మ కత్తి సరిగ్గా కడగమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? కాలేజీకి వెళ్తున్నావు, బుద్ధుండక్కర్లేదూ?" కూతురు ఏడుస్తూ కత్తులన్నీ మళ్ళీ కడిగింది. టైలరమ్మ మూసలు, పలక కొత్తవి కొంది, అరలు వేణ్నీళ్ళతో తుడిచింది, ఓవెన్ లోపల చెయ్యిపెట్టి గీకింది. పిండి మాత్రం ఆ డబ్బాలోదే. తన చేత్తో కలుపుకున్న పిండిని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

అలా ఇంకో రెండు వారాలు తిన్నది.

ఒక సెలవు రోజు సాయంత్రం పిండి కలిపి, మూసలో పోసి, ఓవెన్‌లో పెట్టింది. వదిన గదిలో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. గిన్నె ఖాళీగా ఉంది కదా అని టైలరమ్మే కడగబోయింది. ఆమె పిండి కుళాయి కింద ఒక్క ధారకే పాలలా కరిగిపోవాలి. అది కరగలేదు. వేళ్ళకు అంటుకుంది. రుద్దుతుంటే చిన్న ఉండగా తిరిగింది. రెండు వేళ్ళతో పట్టుకు లాగింది. సాగింది. వదిలితే మళ్ళీ ముడుచుకుంది.

ఎలాస్టిక్. రోజుకు ఎన్నో నడుములకు ఎలాస్టిక్ పట్టీలు వేసే చెయ్యి అది. ఆ చేతికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కుళాయి అలా పారుతూనే ఉంది. ఆమె స్టూలెక్కి నీలం మూత డబ్బా దించింది. గుప్పెడు పిండి తీసి, ఒట్టి నీళ్ళతో ముద్ద చేసి, కుళాయి కింద పిసకసాగింది. తెల్లటి నీళ్ళు పోయాయి, పోయాయి, చివరికి అరచేతిలో నమిలి ఉమ్మిన బబుల్‌గమ్ లాంటి బూడిదరంగు ముద్ద మిగిలింది. దాని వంకే చూస్తూ నిలబడింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు ఆ వేళ తెలిసింది. బ్రెడ్డు మెత్తబడ్డది ఎందుకో తెలిసింది. "నిజంగా నువ్వు చేసిందేనా?" అన్న మాటకు జవాబు తెలిసింది. పోస్టమ్మ తాగిన సూపులో ఏమీ లేదని కూడా తెలిసింది.

ఓవెన్ గంట కొట్టింది. బ్రెడ్డు దివ్యంగా వచ్చింది, బంగారు రంగులో, పగులు లేకుండా. దాన్ని పళ్ళెంలో పెట్టి బల్ల మధ్యలో ఉంచింది. పక్కనే ఒక సాసర్లో ఆ ముద్ద పెట్టి అందరినీ పిలిచింది. మొగుడు వచ్చాడు, కూతురు వచ్చింది, వదిన కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కూర్చుంది.

"ఇదేంటమ్మా, ఛీ!" అంది కూతురు సాసరు చూసి.

"గ్లూటెన్. నా డబ్బాలోంచి తీశాను."

మొగుడు సాసరు చూడలేదు, ఆమెనూ చూడలేదు, గోడ గడియారం చూశాడు. వదినే ముందు తేరుకుంది. తేలు కుట్టిన దొంగలా ఉంటుందనుకుంటే, ఆవిడ మొహంలో గెలిచిన కళ ఉంది.

"నేనే చెబుదామనుకుంటున్నా. సరే, నువ్వే కనిపెట్టావు, మంచిదైంది. మొదట చెంచాడు కలిపాను, తర్వాత గుప్పెడు, ఆ తర్వాత సగానికి సగం. ఇన్నాళ్ళు తిన్నావు. పనికెళ్ళావు, వచ్చావు, వండావు. మంచం పట్టావా? చచ్చిపోయావా? జబ్బు ఎక్కడుందో ఇప్పటికైనా తెలిసిందా?" అని కణత మీద వేలితో కొట్టుకుంది.

"ఏమైందో నేను చెప్పనా?" అంది టైలరమ్మ. "కొట్టు వెనక సింకులో రోజూ వాంతులు చేసుకున్నాను. నోట్లో పుళ్ళతో ఉప్పు తగలని తిండి తిన్నాను. మిషను మీద తల పెట్టుకుని పడుకుంటే గిరాకీలు వచ్చి లేపారు. మీరు నవ్వుతారని దాచిపెట్టాను. దాచుకుంటే ఏమీ కానట్టా? మీ కాలికి కట్టు మార్చిన చేతులివి వదినా. నొప్పి అంటే ఒక్కరోజు, ఒక్కసారి, నిజమా అని అడిగానా?"

"నీ మంచికే కదా..."

"నా మంచి మీకెందుకు? నేనడిగానా?"

వదిన నోరు మూతపడింది. ఆవిడ జీవితంలో అది ఎన్నోసారో తెలియదు గానీ ఆ ఇంట్లో అదే మొదలు. టైలరమ్మ అక్కడితో ఆగలేదు. కుట్టు ఎక్కడ తప్పిందో దొరికాక చివరిదాకా విప్పడమే ఆమెకు అలవాటు.

"ఈ ఇంట్లో మైదా లేదు. మీరు గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళలేదు. మరి మైదా ఎవరు తెచ్చారు?"

మొగుడు గడియారం మీదనుంచి కళ్ళు దించాడు. "అక్క జావ కాచుకుంటానంటే..."

"కాచిందా జావ?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన్ని మీరు అనడమే తప్ప నువ్వు అని ఎరగదు. ఆ నువ్వు విని ఆయన ఉలిక్కిపడ్డాడు. కూతురు కూడా తలెత్తి చూసింది.

"మొదట్లో తెలీదు. నిజం. కొన్నాళ్ళకి అక్కే చెప్పింది, చూడు ఏమీ కాలేదు అని. నాకూ అనిపించింది... ఒకవేళ నిజంగానే ఏమీ కాకపోతే బాగుండునని. మళ్ళీ అందరం కలిసి బయటికెళ్ళి తినొచ్చు, నువ్వు సంతోషంగా ఉన్నావు, బ్రెడ్డు బాగా వస్తోందని... రిపోర్టు వచ్చిన రోజే ఆపెయ్యమన్నా. ఒట్టు. ఆరోజు నుంచి అక్క ఒక్క చెంచా కలపలేదు."

"డబ్బాలో ఉన్నదో?"

ఆయన సాసరు పక్కకు జరిపాడు.

"అడుగుతున్నా. డబ్బాలో ఉన్న పిండి ఏం చేశావు?"

"పారబోస్తే నీకు తెలిసిపోతుందని... అదే అయిపోతుందిలే అని..."

అప్పుడు అరిచింది టైలరమ్మ. పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచేంత గట్టిగా అరిచింది. "అయిపోతుందిలే అని! నా పేగుల్లో పోసి ఖాళీ చేయించావా డబ్బా! ఆవిడ నమ్మలేదు. నమ్మనివాళ్ళు లోకంలో బోలెడుమంది, వాళ్ళతో నాకు పనిలేదు. నువ్వు నమ్మావు. రిపోర్టు చూసి, నమ్మి, అప్పుడు కూడా రోజూ నా ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూశావు!"

కూతురు లేచి నిలబడింది. "నాన్నా, అప్పటికే తెలుసా నీకు? తెలిసే నన్ను తిట్టావా? కత్తి కడగలేదని?"

పెళ్ళాం ముందూ కూతురి ముందూ ఆయన ఒకేసారి చిన్నబోయాడు. ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు అలవాటుగా నవ్వబోయాడు. ఆ నవ్వు చూసి టైలరమ్మ బ్రెడ్డు తీసి ఆయన కంచంలో పెట్టింది.

"తిను. ఇన్నాళ్ళూ నా చేత తినిపించింది ఇదేగా. మొత్తం తిను. నేను చూస్తాను."

ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన ఒక ముక్క తుంచాడు, నోటిదాకా తీసుకెళ్ళలేకపోయాడు. మెత్తగా, తీగల్లా సాగుతూ తెగింది అది.

"రేపు పొద్దున మీ ఇంటికి వెళ్ళిపోండి వదినా," అంది టైలరమ్మ, ఆయన మీదనుంచి చూపు తిప్పకుండానే.

"ఈ కాలితోనా?"

"స్టూలెక్కి పై అరలో డబ్బా దించిన కాలితోనే."

మర్నాడు వదిన వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, "మనసులో పెట్టుకోకు," అంది. టైలరమ్మ సంచీ అందించింది గానీ మాట అందించలేదు.

అదే వారం మొగుణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. "నేను అబద్ధమాడానని ఆవిడ అనుకుంటోంది. నిజం నీ నోటితో చెప్పు," అంది. ఆయన బయటి బెంచీ మీద కూర్చుని, చొక్కా గుండీ తిప్పుకున్నాడు, లోపలికెళ్ళాక నేల చూస్తూ, అక్కడ మొదలుపెట్టి ఇక్కడ ముగించి, "తెలియక జరిగిందండీ," అన్నాడు. టైలరమ్మ పక్కనుంచి "తెలిసి," అంది. ఆయన "తెలిసే," అన్నాడు. డాక్టరమ్మ ఆ మాట రిపోర్టు మీద రాసుకుంది. తర్వాత టైలరమ్మ వైపు తిరిగి, "నేను తొందరపడి మాట అన్నాను. క్షమించండి," అంది. ఆ ఒక్క మాట ఇంట్లో ఇంకా ఎవరూ అనలేదని టైలరమ్మకు అప్పుడే గుర్తొచ్చింది. బయటికొచ్చాక మళ్ళీ కోపం వచ్చింది.

పోస్టమ్మతో చెప్పడం ఇంతకంటే కష్టమైంది. ఇది మొగుడి చేత చెప్పించే పని కాదు, పెట్టిన చెయ్యి తనది. మిషను ఆపి, ఆమెను కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పింది. పోస్టమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"నీ తప్పు కాదులే," అంది చివరికి. "మా అత్తగారూ ఒకసారి ఇలాగే చేసింది. అందరూ ఒకసారి చేసి చూస్తారు." లేచి, గుమ్మందాకా వెళ్ళి, "ఎంత బాగుందో ఆ ముక్క!" అని తలూపుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత కూడా వస్తోంది, కూర్చుంటోంది, కబుర్లు చెబుతోంది. కానీ టైలరమ్మ తెచ్చిన బ్రెడ్డు ఇస్తే, "ఇప్పుడే తిన్నాను," అంటుంది. ఆమెకు తెలుసు, పోస్టమ్మ తినలేదని. పోస్టమ్మకూ తెలుసు, ఆమెకు తెలుసునని.

వంటింట్లో పై అరకు తాళం పడింది. తాళంచెవి టైలరమ్మ మెడలో దారానికి వేలాడుతుంది. ఇంటికి వచ్చినవాళ్ళు "పిండికి తాళమేంటమ్మా?" అని అడిగితే, మొగుడు "ఎలకలు," అనబోయాడు ఒకసారి. "ఎలకలు కాదు. మనుషులు," అంది ఆమె, వచ్చినవాళ్ళ ఎదుటే. ఆయన ఇక ఆ జోలికి పోలేదు.

బ్రెడ్డు మళ్ళీ గట్టిగా, పొడిగా వస్తోంది. ఒక్కోసారి రాలిపోతోంది. కూతురు అదే తింటుంది, మారుమాట లేకుండా, నమలలేక నీళ్ళు తాగుతూ. "నీకెందుకే ఈ శిక్ష, బేకరీది తిను," అంటే, "నాకిదే కావాలి," అంటుంది మొండిగా. దాని మొండితనం చూసి టైలరమ్మకు కాస్త ఊరటగా ఉంటుంది. రక్తం పరీక్షలో అంకె నెమ్మదిగా దిగుతోంది. పుళ్ళు మానాయి.

మొగుడు జోకులు మానేశాడు. బేకరీ బ్రెడ్డు తేవడం మానేశాడు. ఒక ఆదివారం గ్రీజు పోయేదాకా మోచేతుల వరకు చేతులు తోముకుని, కొత్త బియ్యప్పిండి పొట్లాలు ఆమె ఎదుటే విప్పి, ఆమె ఎదుటే కలిపి, ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చుని బ్రెడ్డు చేశాడు. ఒక పక్కకు ఒరిగి, మధ్యలో గుంటపడి వచ్చింది. రెండు ముక్కలు కోసి, ఆమె కత్తితోనే, ఆమె ముందు పెట్టాడు.

టైలరమ్మ చూసింది. అందులో గోధుమ లేదని ఆమెకు తెలుసు, కలుపుతున్నంతసేపూ కళ్ళారా చూసింది. అయినా చెయ్యి ముందుకు రాలేదు. తాను ఇచ్చిన ముక్క చూసి పోస్టమ్మ చెయ్యి ఎందుకు వెనక్కి పోతోందో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. పళ్ళెం కూతురి వైపు జరిపింది.

"నేను చేసింది తినవా?" అన్నాడాయన.

"తినను."

"ఎన్నాళ్ళని?"

"తెలీదు. అది నాక్కూడా తెలీదు. ఊరికే సాధించాలని కాదు. నోట్లో పెట్టుకోబోతే నువ్వు గడియారం చూసిన చూపే గుర్తొస్తోంది."

ఆయన తలూపాడు. కూతురు ఒక ముక్క తీసుకుని కొరికి, ఏమీ అనకుండా నమిలింది. ఆయన లేచి గిన్నె కడగడానికి వెళ్ళాడు. కుళాయి కింద పిండి పాలలా కరిగిపోతోంటే, కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ కడుగుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. టైలరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరిదో కోటు వదులు చెయ్యాల్సింది మిగిలిపోయింది, సెలవైనా సరే, తాళంచెవి జాకెట్లోకి దోపుకుని కొట్టుకు వెళ్ళిపోయింది.